షామియానా వేసిన శిల్పి

పరాయి దేశంలో స్థిరపడిన కళాకారునికి రెండు శ్రమలు తప్పవు. కళను సృష్టించడం మొదటిది. దానికి చరిత్రలో చోటు సంపాదించడం రెండవది. చిత్రకారుడు, శిల్పి అయిన రషీద్ అరాయీన్ ఈ రెండవ శ్రమను తనవంటి ఎందరి కోసమో తలకెత్తుకొన్నారు. ఆయన ప్రస్థానం మనం తెలుసుకోదగినది.

1935లో కరాచీలో జన్మించిన అరాయీన్ చదివినది సివిల్ ఇంజనీరింగు. చిత్రలేఖనం స్వయంకృషితో అబ్బిన విద్య. 1964లో లండన్ చేరిన కొద్దికాలానికే ఆయన దృష్టి శిల్పంవైపు మళ్ళింది. కట్టడపు చట్రం వంగిపోకుండా ఇంజనీర్లు ఒక మూలనుండి ఎదుటి మూలకు ఏటవాలు కమ్మీ బిగిస్తారు. ఆ ఏటవాలు గీతనే అరాయీన్ తన శిల్పానికి ప్రాణంగా చేసుకొన్నారు. నిండు రంగులు పూసిన చెక్క చట్రాలు ఆయన ముద్రగా నిలిచాయి. 1968లో ఊహించిన ‘సున్నా నుండి అనంతానికి’ అనే కృతిలో అటువంటి ఘనాలు 100. మొదట అవి చతురస్రంగా పేర్చి ఉంటాయి. తరువాత చూపరులే వాటిని కదిపి కొత్త రూపం కట్టవచ్చు. శిల్పాన్ని తాకరాదన్న నియమం అక్కడ లేదు.

అయితే ఆసియా, ఆఫ్రికా మూలాలు గలవారి కృషికి ఆనాటి బ్రిటిష్ కళాచరిత్రలో చోటు బహు స్వల్పం. తమను ఆధునిక కళాకారులుగా గుర్తించక, ఏదో దూరదేశపు సంప్రదాయానికి ప్రతినిధులుగానే చూస్తున్నారన్నది అరాయీన్ ఆవేదన. ఈ లోటు తీర్చే ప్రదర్శన కోసం 1978లో అక్కడి ఆర్ట్స్ కౌన్సిల్‌ను కోరారు, ఫలించలేదు. ఆయన పట్టు విడువలేదు. 1987లో ‘థర్డ్ టెక్స్ట్’ పత్రికను స్థాపించారు. చివరకు 1989లో లండన్‌లోని హేవార్డ్ గ్యాలరీలో ‘ది అదర్ స్టోరీ’ ప్రదర్శన జరిగింది. ఆఫ్రికా, కరీబియన్, ఆసియా మూలాలు గల 24 మంది కళాకారులు ఒకే కప్పు క్రింద కనిపించారు. వారిలో జమైకాలో పుట్టిన శిల్పి రొనాల్డ్ మూడీ, సిమ్లాలో పుట్టిన చిత్రకారుడు అన్వర్ జలాల్ షెమ్జా ఆ రోజును చూడలేకపోయారు. మూడీ 1984లో, షెమ్జా 1985లో కన్నుమూశారు. గుర్తింపు ఆలస్యమైతే చెల్లించవలసిన మూల్యం ఇదే.

మలివయసులో అరాయీన్ అరబ్బీ లిపిలోని ఇస్లామీయ పండితుల పేర్లను జ్యామితీయ రూపాలుగా మలచి చిత్రించారు. 2017లో ఏథెన్స్ నగరపు కోట్జియా కూడలిలో రంగురంగుల షామియానాలు వేయించారు. ఆర్థిక సంక్షోభంతో నలిగిన ఆ నగరంలో, ఎవరైనా వచ్చి అపరిచితుల ప్రక్కన కూర్చొని ఉచితంగా భోజనం చేయవచ్చు. ఆ భోజనపు పంక్తియే అక్కడ కళాకృతి. మన పెళ్ళిళ్ళలో షామియానా నీడ విలువ తెలిసిన మనకు దాని అర్థం వేరే చెప్పనక్కరలేదు.

అరాయీన్ తనకు చోటు కావాలని గట్టిగానే అడిగారు. ఆ చోటు దొరికినప్పుడు అందులో మరో 23 మందికి పీట వేశారు. వలస వెళ్ళిన బిడ్డల గురించి తలచుకొనే ప్రతి ఇంటికీ ఈ సంగతి గుర్తుండదగినది.