వెన్నులో ఇంజక్షను చేయు మేలు
కడుపు ఆపరేషనుకు వెన్నులో మత్తు ఇంజక్షను అనగానే, మేము పరామర్శించు రోగులలో అనేకులు భయపడుదురు. అది నొప్పిని మాత్రమే ఆపునని మనము తలంచుదుము.

కడుపు కోసినప్పుడు, మనిషి మత్తునిద్రలో ఉన్నను, ఆ గాయపు కబురును నరములు మెదడుకు చేరవేయును. వెంటనే కార్టిసాల్, అడ్రినలిన్ పెరుగును. కాలేయము చక్కెరను రక్తములోనికి వదలును. తరువాత కండలును కరుగును. చక్కెర మితిమీరినచో గాయము త్వరగా మానదు, చీము పట్టవచ్చును.

వెన్నులోని మందు ఆ కబురును దారిలోనే ఆపును. డెన్మార్కు శస్త్రవైద్యుడు హెన్రిక్ కెలెట్ బృందము 1970లలోనే, పొత్తికడుపు ఆపరేషన్లలో ఎపిడ్యూరల్ మత్తు ఈ పెరుగుదలను బాగా అణచునని చూపెను. బొడ్డుకు పైన చేయు ఆపరేషన్లలో ఈ మేలు కొంతమట్టుకే.

ఈ ఇంజక్షను అందరికిని తగదు. గనుక చక్కెర వ్యాధి ఉన్నను, రక్తము పలుచబరచు మాత్రలు వాడుచున్నను, మత్తు డాక్టరుకు ముందే చెప్పుదము.