సెల్యూట్ కొట్టాం సరే, మరి ఉద్యోగం?

ఇవాళ్టి టాపిక్ మా ఇంట్లోదే.

మా చిన్న మావయ్య ఆర్మీ సిగ్నల్స్‌లో హవల్దార్‌గా చేశారు. మందుపాతర పేలడంతో కుడికాలు మోకాలి కింద తీసేశారు. ఊరికొచ్చిన రోజు పూలదండలు, సెల్ఫీలు. ఏడాది తర్వాత ఓ కంపెనీకి వెళ్తే, "సెక్యూరిటీ అంటే రోజంతా నిలబడాలి కదండీ" అన్నారు. ఆయన అప్లై చేసింది సెక్యూరిటీకి కాదు, పరికరాలు రిపేర్ చేసే పనికి!

'చందు ఛాంపియన్' సినిమా చూశారా? అది మురళీకాంత్ పేట్కర్ గారి కథ. 1965 యుద్ధంలో బుల్లెట్లు తగిలి కాళ్లు పనిచేయకుండా పోయాయి. 1972లో హైడల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో ఈత కొట్టి బంగారు పతకం తెచ్చారు. పారాలింపిక్స్‌లో మన దేశానికి అదే మొదటి గోల్డ్. ఆ పతకం మనకు గుర్తుంది. కానీ ఆయన పుణెలో టెల్కోలో ఉద్యోగం కూడా చేశారు. పతకంతో పేరొస్తుంది, నెల గడవాలంటే జీతం రావాలి కదా.

మరి అడ్డు ఎక్కడుంది? చట్టంలో అయితే చోటుంది. ప్రభుత్వ రంగ సంస్థల్లో, బ్యాంకుల్లో గ్రూప్ సి, డి ఉద్యోగాల్లో 4.5 శాతం గాయపడిన మాజీ సైనికులకు, యుద్ధంలో చనిపోయినవాళ్ల కుటుంబాలకు ఉంది. పుణె దగ్గర ఖడ్కీలో క్వీన్ మేరీస్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. 1917లో మొదలైన ఆ సంస్థ గాయపడిన సైనికులకు చేతిపని నేర్పుతోంది.

మావయ్యకి అడ్డొచ్చినవి రెండు. ఒకటి, రెజ్యూమే. అందులో "హవల్దార్, సిగ్నల్స్" అనే ఉంది. అది చదివిన హెచ్‌ఆర్‌కి ఏం అర్థమవుతుంది? నేను కూర్చుని మార్చాను: ఏ పరికరాలు బాగుచేశారు, ఎంతమందికి పని నేర్పారు, స్టోర్ లెక్కలు ఎలా చూశారు. రెండోది, ఇంటర్వ్యూలో ప్రశ్న. అందరూ "కాలికేమైంది?" అనేవాళ్లు. ఒక్క వర్క్‌షాపు ఓనర్ మాత్రం "పని చేయడానికి మీకేం కావాలి?" అని అడిగారు. మావయ్య చెప్పింది రెండే: కూర్చుని పనిచేసుకునే బల్ల, కింది అంతస్తులో చోటు. సోమవారం నుంచి రమ్మన్నారు. నాలుగేళ్లయింది, ఇంకా అక్కడే ఉన్నారు.

మీ వీధిలో ఇలాంటివాళ్లుంటే, సెల్ఫీ తర్వాత తీసుకోండి. ముందు ఓ గంట కూర్చుని రెజ్యూమే రాసిపెట్టండి. రేపు మీరే హెచ్‌ఆర్ అయితే, ఏం అడగాలో ఇప్పుడు మీకు తెలుసు.

ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!