లెక్కకును అన్వయము కావలెను

పద్యము కంటబడగానే ప్రతిపదార్థమునకు దిగు విద్యార్థిని మేము వారింతుము. ముందు అన్వయము కుదుర్చుకొనుము, పిదప అర్థము చెప్పుము అందుము. గణితమునకును ఈ నియమమే వర్తించునని, తిరుపతిలో ఇన్నేండ్లు తెలుగు పాఠములు చెప్పిన పిమ్మట గాని నాకు తెలియలేదు.

ఎండలు ముదిరిన ఒక మార్చి నెలలో చిత్తూరు చేరువనున్న పల్లెబడికి పోయితిని. ఉపాధ్యాయుడు నల్లబల్లపై లెక్క వ్రాసెను: వీధికి వచ్చు ట్యాంకరులో నీరు 5,000 లీటర్లు, ఇండ్లు 20, ఇంటికి ఐదుగురు చొప్పున జనము 100. తలకెంత?

“యాభై!” అని పిల్లలందరు అరచిరి. భాగహారమున తప్పు లేదు. వెనుక వరుసనుండి ఒక బాలిక లేచి, “మా ఇంట్లో రెండు ఆవులుండాయి సార్. వాటికి నీళ్లొద్దా?” అనెను. తరగతి నవ్వినది, ఉపాధ్యాయుడు నవ్వలేదు. పిల్లలను వీధిలోనికి పంపెను.

వారు ఇల్లిల్లు తిరిగి విచారించిరి. ఆవులు 12, ఒక్కొక్కదానికి దినమునకు సుమారు 50 లీటర్లు, వెరసి 600. పట్టుకొనునపుడు ఒలికిపోవునది 400 అని అంచనా కట్టిరి. మిగిలినది 4,000, తలకు 40 మాత్రమే. మొదటి లెక్క నమ్మి తలకు 50 చొప్పున పోయుచు పోయినచో, వీధి చివరి నాలుగిండ్లకు చుక్క నీరు దక్కదు! ఆ బాలిక ఇల్లు ఆ చివరనే ఉన్నది.

బ్రతుకులోని చిక్కును అంకెలలోనికి తెచ్చి, సాధించి, ఫలితమును మరల బ్రతుకుతో సరిచూచుటనే గణిత నమూనా అందురు. జార్జి పోల్యా 1945లో వెలువరించిన గ్రంథమున సమస్యాసాధనకు నాలుగు మెట్లు చెప్పెను: గ్రహించుట, ఉపాయము పన్నుట, అమలు జరుపుట, వెనుదిరిగి చూచుట. మన బడులలో మూడవ మెట్టునకే మార్కులు.

తెలుగువారికి ఈ త్రోవ క్రొత్తది కాదు. 9వ శతాబ్దమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును 11వ శతాబ్దమున పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. పద్యములోని లెక్కను చేయగోరువాడు ముందు పద్యమును అన్వయించుకొనక తప్పదు కదా!

కనుక గణితోపాధ్యాయులకు నా విన్నపమొకటే. జవాబు చెప్పిన బిడ్డను మెచ్చుకొనుడు. ఆవుల సంగతి అడిగిన బిడ్డను మాత్రము కూర్చుండబెట్టకుడు.