మూసీ తీరం – మన వారసత్వం

హైదరాబాదు నగరాన్ని దర్శించడానికి వచ్చే యాత్రికులు గోలకొండ కోటను, చార్మినారును, సాలార్‌జంగ్ మ్యూజియమును చూసి ఆనందిస్తారు. నగరం నడుమ ప్రవహించే మూసీ నదిని మాత్రం వంతెన మీదుగా దాటిపోతారే కాని, నిలిచి చూసేవారు అరుదు. అయితే ఈ నగరం పుట్టుకకు, పెరుగుదలకు, ఒకనాటి వినాశానికి, ఆపై జరిగిన పునర్నిర్మాణానికి కూడ ఈ నదితోనే సంబంధం ఉన్నది. ఆ సంబంధాన్ని తెలుసుకోవడానికి నాంపల్లి, అబిడ్స్ ప్రాంతాల నుండి నదీతీరం వరకు ఒక పూట కాలినడకన వెళ్ళి రావడం ఉత్తమమైన మార్గం.

మూసీకి ముచికుంద అనే పూర్వనామం కలదు. వికారాబాదు సమీపాన గల అనంతగిరి కొండలలో ఇది జన్మిస్తుంది. ముచికుందుడు ఆ కొండలలోనే నిద్రించాడని స్థలపురాణం చెబుతుంది. లంగర్‌హౌస్ వద్ద ఈసీ నదిని తనలో కలుపుకొని, నగరం గుండా తూర్పునకు సాగి, నల్లగొండ జిల్లాలోని వాడపల్లి వద్ద మూసీ కృష్ణలో సంగమిస్తుంది. దీని పొడవు సుమారు 240 కిలోమీటర్లు.

కుతుబ్‌షాహీల కాలంలో గోలకొండ నుండి నదికి దక్షిణాన ఉన్న ప్రాంతానికి చేరడానికి 1578లో ఒక రాతివంతెన కట్టారు. అదే నేటి పురానాపూల్. ఆ తరువాత పదమూడేండ్లకు, అనగా 1591లో, మహమ్మద్ కులీ కుతుబ్‌షా హైదరాబాదు నగరాన్ని స్థాపించాడు. వంతెన ముందు, నగరం తరువాత! నదిని దాటే దారి ఏర్పడిన పిమ్మటనే ఆవలి ఒడ్డున నగరం వెలిసిందన్న మాట.

అన్నం పెట్టిన నదియే ఒకనాడు ఆగ్రహించింది. 1908 సెప్టెంబరు 28న కుండపోత వర్షాలకు మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తింది. నదీ పరీవాహక ప్రాంతంలోని వందలాది చెరువులలో అనేకం గండిపడ్డాయి. ఒక చెరువు తెగి దాని నీరు దిగువ చెరువును తెంచగా, ఆ ప్రవాహమంతా ఏకమై నగరం మీదికి వచ్చింది. వేలాది ప్రజలు ప్రాణాలు కోల్పోయారు. వంతెనలు దెబ్బతిన్నాయి. పురాతనమైన పురానాపూల్ మాత్రం నిలిచింది. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కిన నూట యాభై మందికి పైగా ప్రాణాలతో బయటపడ్డారని ప్రతీతి. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్నది.

ఈ విపత్తు అనంతరం నిజాం ప్రభుత్వం సుప్రసిద్ధ ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను ఆహ్వానించింది. వరదనీటిని నగరానికి ఎగువనే నిలిపి, మెల్లగా విడువాలని ఆయన సూచించాడు. ఆ సూచన ఫలితంగా మూసీపై 1920లో ఉస్మాన్‌సాగర్, ఈసీపై 1927లో హిమాయత్‌సాగర్ పూర్తి అయ్యాయి. ఈ జలాశయాలు వరదను అదుపు చేయడమే కాక, నగర ప్రజల దాహాన్ని కూడ తీర్చాయి. నదికి ఇరువైపులా గట్లు కట్టి, వాటి వెంట ప్రజలు విహరించడానికి తోటలు పెంచాలని కూడ విశ్వేశ్వరయ్య భావించాడు. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ ఇరుకైన బస్తీలను తొలగించి, వీధులను వెడల్పు చేసి, ఉద్యానవనాలను నిర్మించింది.

ఇక మన నడకను నాంపల్లిలో ప్రారంభిద్దాం. 1907లో నిర్మించిన రైల్వే స్టేషనుకు సమీపంలోనే పబ్లిక్ గార్డెన్స్ ఉన్నది. దీనిని బాగ్-ఎ-ఆమ్ అంటారు. ‘ఆమ్’ అనగా సామాన్య జనం. పేరుకు తగినట్లే ఉదయం వేళ వృద్ధులు, యువకులు ఇక్కడ నడకకు వస్తారు. 1913లో పూర్తయిన టౌన్‌హాలు, 1930లో స్థాపించిన పురావస్తు ప్రదర్శనశాల ఈ తోటలోనివే. అక్కడి నుండి అబిడ్స్ చేరుకోవచ్చు. ఆరవ నిజాం కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ అబిద్ అనే ఆర్మీనియను ఇక్కడ దుకాణం నడిపినందువల్ల ఈ ప్రాంతానికి ఆ పేరు వచ్చింది. ఆదివారం నాడు దుకాణాలు మూసి ఉన్నప్పుడు ఇక్కడి కాలిబాటలపై పాత పుస్తకాలు కొలువు తీరుతాయి. విద్యార్థులకు ఇది తప్పక చూడదగిన దృశ్యం.

దక్షిణంగా నడిస్తే 1935 నాటి మొజంజాహీ మార్కెట్టు, ఆపై అఫ్జల్‌గంజ్ వస్తాయి. అబిడ్స్ ప్రాంతంలో 1891లో వెలసి, 1936లో ఇక్కడికి తరలిన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం నది ఒడ్డున దర్శనమిస్తుంది. దాని పక్కనే ఉస్మానియా ఆసుపత్రి కోసం కట్టిన భవనం, ఆవలి ఒడ్డున హైకోర్టు కోసం 1919లో పూర్తిచేసిన భవనం, సిటీ కళాశాల కనిపిస్తాయి. వరద తుడిచిపెట్టిన తీరంలోనే వైద్యానికి, న్యాయానికి, విద్యకు, పుస్తకానికి మందిరాలు లేచాయి. దుఃఖం నుండి తేరుకున్న ఒక నగరం సంకల్పబలానికి ఇవి సాక్ష్యాలు.

నడకతో తృప్తి చెందనివారు సెలవు దినాలలో గండిపేటలోని ఉస్మాన్‌సాగర్ తీరానికి వెళ్ళవచ్చు. వర్షాకాలం ముగిసిన తరువాత అనంతగిరి అడవిలో కొండలెక్కుతూ నది పుట్టుకను చూడవచ్చు. పుట్టినచోట తేటగా ఉన్న నీరు నగరం మధ్యకు వచ్చేసరికి మురుగుతో నల్లబడడం చూస్తే మనసు కలతచెందుతుంది. ఆ మురుగు మన ఇండ్ల నుండి, కర్మాగారాల నుండి వచ్చినదే.

నదిని నిర్లక్ష్యం చేస్తే అది తన చోటును తానే వెతుక్కొంటుంది. 2020 అక్టోబరులో తీరప్రాంత బస్తీలు నీట మునిగాయి. 2025 సెప్టెంబరులో నది మధ్యనే ఉన్న మహాత్మాగాంధీ బస్ స్టేషనులోకి వరదనీరు ప్రవేశించింది. 1908 నేర్పిన పాఠం ఒక్కటే: నదికి ప్రవహించే చోటు విడిచిపెట్టాలి. ఆ చోటులో ఇండ్లు కట్టుకుంటే వరద వస్తుంది; తోట పెంచుకుంటే ప్రజలకు విహారస్థలం, నదికి ఊపిరి లభిస్తాయి. అయితే ఇప్పటికే ఒడ్డున నివసిస్తున్న పేదలకు తగిన ఆశ్రయం కల్పించడం కూడ ఈ బాధ్యతలో భాగమే.

ప్రాచీన కట్టడాలను కాపాడుకోవడం ఎంత ముఖ్యమో, వాటికి ప్రాణం పోసిన నదిని కాపాడుకోవడం అంత ముఖ్యం. ఈసారి నయాపూల్ దాటేటప్పుడు విద్యార్థులు ఒక్క నిమిషం ఆగి, రెండు ఒడ్లను పరికించి చూడాలి. నాలుగు శతాబ్దాల నగర చరిత్ర అక్కడ వారి కన్నుల ముందే ఉంటుంది.