చెట్టుమీది మూడు కథలు

బేతాళ కథలు చదివిన వారికి చెట్టునకును భయమునకును గల చుట్టరికము క్రొత్తది కాదు. శ్మశానమునందలి చెట్టుకొమ్మకు వ్రేలాడు శవము, దానిని భుజమున వేసికొని మౌనముగ నడచు విక్రమార్కుడు, దారిపొడుగున బేతాళుడు చెప్పు కథలు: ఈ ఏర్పాటే లేకున్నచో ఆ కథలన్నియు విడివిడి చిక్కుప్రశ్నలుగ మిగిలియుండెడివి. చెప్పువాడెవడు, వినువాడెవడు, విన్నందువలన వానికి కలుగు ఆపద యేమి అనునవియే అచట కథకు ప్రాణము. అమెరికా దేశమున 1990 అక్టోబరు 25వ తేదీన ప్రసారమైన యొక బొమ్మల హాస్యచిత్రమును గూర్చి ముచ్చటింపబోవుచు ఈ మాట యెత్తుటకు కారణము కలదు. అందును చెట్టు ఉన్నది. చెట్టుపై కథలు ఉన్నవి. వినకూడని వాడొకడు వినుటయు ఉన్నది.

ఆ చిత్రము ‘ది సింప్సన్స్’ అను ధారావాహికలోనిది. మాట్ గ్రేనింగ్ సృష్టించిన ఈ కుటుంబము 1987లో వేరొక కార్యక్రమమున నడుమనడుమ వచ్చు చిన్న తునకలుగ పుట్టి, 1989 డిసెంబరు నుండి అరగంట ధారావాహికగ ఎదిగినది. తిండిపోతును సోమరియు నయ్యు ఇల్లాలిపై ప్రాణము పెట్టుకొన్న తండ్రి హోమర్. ఆకాశమునకు నిక్కిన నీలిజుట్టు గల తల్లి మార్జ్. అల్లరి కొడుకు బార్ట్. చదువులతల్లి వంటి కూతురు లీసా. నోట పాలపీక తీయని పసిపాప మాగీ. అక్టోబరు 31వ తేదీ రాత్రి, అనగా పాశ్చాత్యుల సర్వసాధువుల పండుగకు ముందటి రాత్రి, హాలోవీన్ అని పేరు. పిల్లలు దయ్యముల వేషములు వేసికొని ఇంటింట మిఠాయిలు అడుగుదురు. ఆ పండుగకై తీసిన ఈ భాగమునకు ‘ట్రీహౌస్ ఆఫ్ హారర్’ అని నామకరణము చేసిరి. చెట్టుపై కట్టుకొన్న చెక్కగదిలో పిల్లలు ముగ్గురు చేరి భయానక కథలు చెప్పుకొనుచుందురు. తండ్రి బయట నక్కి వినుచుండును.

మొదటి కథ నాకంతగ రుచింపలేదు. చవుకగ దొరికిన పాత ఇల్లు, రక్తము కార్చు గోడలు, క్రింద సమాధులు, ఇవన్నియు భయానక చలనచిత్రముల అరిగిపోయిన సరుకు. దాని ముక్తాయింపు మాత్రము బాగున్నది. ఈ కుటుంబముతో కాపురమా, వినాశమా, ఏదో యొకటి ఎంచుకొనుమన్నచో ఆ దయ్యపుటిల్లు కొంత ఆలోచించి తన్ను తానే కూల్చుకొనును!

రెండవ కథ వ్యాకరణ బోధకులకు వరప్రసాదము. అన్యగ్రహవాసులు ఈ కుటుంబమును తమ నౌకలోనికి గొనిపోయి, మంచి మంచి పిండివంటలతో మేపుదురు. లీసాకు అనుమానము పుట్టి, వారి వంటపుస్తకమును పట్టుకొనును. దాని పేరు ‘మానవులను వండు విధము’. ధూళి కొంత ఊదినచో ‘మానవులకు వండు విధము’. మరల ఊదినచో ‘నలువదిమంది మానవులను వండు విధము’. మూడవమారు ఊదగ ‘నలువదిమంది మానవులకు వండు విధము’! ఆంగ్లమున ఒక చిన్న పదము చేసిన ఈ పనిని తెలుగున ఒక్క విభక్తి చేయగలదు. ద్వితీయ షష్ఠిగ మారుటతో ఆహారమే అతిథియైపోయినది. నల్లబల్లపై నాలుగు వరుసలు వ్రాసి చూపినచో ‘ను’, ‘కు’ ప్రత్యయముల భేదమును ఏ విద్యార్థియు మరువడు. కథాంతమున ఆ గ్రహవాసులు తమ ఆతిథ్యమును శంకించినందులకు నొచ్చుకొని, వీరిని ఇంటికి దింపి పోవుదురు. ఇది 1962లో ‘ట్విలైట్ జోన్’ అను ధారావాహికలో వచ్చిన కథకు తలక్రిందుల రూపము. అచట వంటపుస్తకము నిజముగనే నరమాంసమును వండుటకే.

ఇక మూడవది. దీని కొరకే ఈ వ్యాసము. లీసా ఒక పుస్తకము తెరచి, ఎడ్గార్ అలన్ పో రచించిన ‘ది రేవెన్’ అను కవితను చదువనారంభించును. 1845 జనవరి 29వ తేదీన న్యూయార్కు నగరపు ‘ఈవెనింగ్ మిర్రర్’ పత్రికలో వెలువడి కవికి రాత్రికి రాత్రి కీర్తి తెచ్చిన ఈ కవితలో పదునెనిమిది ఖండికలు, నూటయెనిమిది పాదములు కలవు. లెనోర్ అను ప్రియురాలిని కోల్పోయిన యొకడు అర్ధరాత్రమున పుస్తకములు తిరుగవేయుచుండగ ఒక బొంతకాకి వచ్చి వాలును. అతడేమి యడిగినను ‘నెవర్‌మోర్’, ఇక ఎన్నడును లేదు, అనునదే దాని సమాధానము. పితృకార్యమునాడు పిండము చూపి కాకి కొరకు ఎదురుచూచు మనకు, గతించిన వారిని గూర్చి కాకిని ప్రశ్నించుట వింతగ తోచదు.

ఈ కవితను హాస్యచిత్రమున చొప్పించుటకు గ్రేనింగే భయపడెను. అంతవరకు తాము చేసిన వానిలో ఇదే మిక్కిలి ఆడంబరమైన వైఫల్యమగునని అతని శంక. అయినను, రచనాభారము వహించిన శామ్ సైమన్ కవితను మార్చలేదు. కుదించెను, కొన్ని ఖండికలు వదలెను. ఉంచిన పాదములను మాత్రము పో వ్రాసినట్లే ఉంచెను. వానిని చదివినది ‘స్టార్ వార్స్’ చిత్రములలో డార్త్ వేడరునకు గొంతునిచ్చిన జేమ్స్ ఎర్ల్ జోన్స్. 2024లో గతించిన ఆ నటుని గంభీర కంఠమున ఎచటను ఎగతాళి లేదు. నవ్వంతయు బొమ్మలయందే. శోకార్తుడు హోమర్, పటములోని లెనోర్ మార్జ్, ధూపపాత్ర పట్టిన దేవదూతలు లీసా, మాగీలు, కాకికి బార్ట్ ముఖము. ఒకచోట బార్ట్ తన పెంకె మాట నొకదానిని కాకి నోట పెట్టును. లీసా వెంటనే మందలించును: కాకి ఆ యొక్కమాట తప్ప మరి యేదియు పలుకదు! మూలగ్రంథమును కాపాడు పండితురాలామె. పాఠము మార్చబోవు కొంటెవాడు వాడు. ప్రతి తరగతిలోను ఈ యిద్దరును ఉందురు.

తన కవిత ఎట్లు కట్టితినో పో 1846లో ఒక వ్యాసమున వివరించెను. ముందు ఆ పల్లవి పదము కుదిరినదట. దానిని అర్థమెరుగక మరల మరల పలుకు జీవి కావలసివచ్చి, మొదట తోచినది చిలుక. పిమ్మట దానిని విడిచి కాకిని గ్రహించెను. చిలుకనే ఉంచియున్నచో ఆ విషాదము ప్రహసనమై యుండెడిది గదా! కవి తరిమివేసిన చిలుకను బార్ట్ మరల తెచ్చి ఆ కాకి గూటిలో పెట్టినాడని నా యూహ.

ఉత్తమకవితను నవ్వులపాలు చేయుట తగునా అని పెద్దలు కొందరు అడుగుదురు. ఈ కవితకు పేరడీలు అది వెలువడిన యేడాదియే మొదలైనవి. అబ్రహాం లింకన్ 1846లో ఒక స్నేహితుడు పంపిన పేరడీని చదివి, మూలము తానింకను చూడలేదనియు, మూలపరిచయము లేనిదే పేరడీ రుచి తెలియదనియు, అయినను పలుమార్లు నవ్వితిననియు జాబు వ్రాసెను. మన జరుక్ శాస్త్రిగారు సమకాలికులైన పెద్ద కవులకు పేరడీలు కట్టగలిగినది వారి నడకలు నోటికి వచ్చియుండుట చేతనే. పేరడీ మూలమునకు చేయు అపకారము స్వల్పము. మూలమును వినియే యెరుగని తరము దానికి చేయు అపకారము పెద్దది. ఈ చిత్రము చూచు పిల్లవాడు ఆరేడు నిమిషములపాటు శతాబ్దమున్నర నాటి ఛందస్సును, పాదమధ్యపు ప్రాసలతో సహా, కదలక వినును. పాఠశాలలో అంతసేపు వినునా?

కవిత ముగియగనే, ఇందు భయమేమున్నదని బార్ట్ పెదవి విరుచును. అది 1845 నాటిది, అప్పటివారు సులభముగ జడిసెడివారేమో అని లీసా సర్దిచెప్పును. ఇచట బార్ట్ మాటయు సత్యమే. ఈ కవితలోని భయము దయ్యములది కాదు, ఎడబాటుది. కోల్పోవుట యన నేమో ఆ బాలుడింకను ఎరుగడు. పో ఎరుగును. అతని భార్య వర్జీనియా 1842 మొదలు క్షయరోగపీడితురాలు. ఈ కవిత అచ్చగునాటికి ఆమె బ్రదికియే యున్నది. 1847 జనవరిలో మరణించెను. బ్రదికియున్న భార్యను చూచుచు, ఇక ఎన్నడును లేదను పల్లవిని అతడు కట్టెను. బొమ్మల హోమరునకు ఈ చరిత్ర తెలియదు. కాని పటములో తన ఇల్లాలే కనబడినది గదా!

ఈ హాలోవీన్ భాగము అటుపిమ్మట యేటేట ఆనవాయితీగ వచ్చుచున్నది. కథలకు వ్యవధి చాలదని, చెట్టుపైని గదిని, కథ చెప్పుకొను ఏర్పాటును కొన్ని యేండ్లకే చాలవరకు విడిచిపెట్టిరి. అందువలన కొన్ని నిమిషములు మిగిలియుండవచ్చును. బేతాళుడు లేని కథలకును బేతాళుడు చెప్పు కథలకును గల భేదము మాత్రము మిగులలేదు. మొదటి దానిలో ఆ యేర్పాటు చివరివరకు నిలిచినది. పిల్లలు ముగ్గురును చెట్టు దిగి హాయిగ నిద్రపోవుదురు. హోమర్ దుప్పటిలో వణకుచు దీపము ఆర్పవలదని మార్జ్‌ను బ్రతిమాలుకొనును. అవి పిల్లల కథలు, నిన్నేమియు చేయవు అని ఆమె నవ్వి దీపమార్పును. కిటికీకి ఆవల, బార్ట్ ముఖముతో, కాకి వాలియుండును.