వార్తల్లో పదం: కార్బన్ మోనాక్సైడ్

గ్యాస్ మండేటప్పుడు ఆక్సిజన్ చాలకపోతే పుట్టే విషవాయువు ఇది. రంగు, వాసన ఉండవు. సిలిండర్ లీకైతే అందులో కలిపిన మెర్‌క్యాప్టాన్ అనే రసాయనపు వాసన పట్టిస్తుంది; దీనికి ఆ హెచ్చరిక కూడా లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా అతుక్కుంటుంది. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, ఆపై స్పృహ తప్పడం దీని లక్షణాలు.

2023 జూన్‌లో బెంగళూరు చిక్కజాల వద్ద స్నానాల గదిలోని గ్యాస్ గీజర్ నుంచి వెలువడిన ఈ వాయువే ఇద్దరిని బలిగొంది. అదే నగరంలో ఎందరో తెలుగువాళ్లు అద్దెకుంటున్న హూడి ప్రాంతంలోనూ గ్యాస్ గీజర్‌తో జాగ్రత్త ప్రాణావసరం. గీజర్‌ను గది బయట, గాలాడే చోటే బిగించాలి. మంట పసుపు తిరిగినా, మసి పట్టినా వెంటనే ఆపి మెకానిక్‌ను పిలవాలి. మంట నీలంగా ఉన్నా, మూసిన గదిలో ముప్పు తప్పదు. ఎవరైనా పడిపోతే బయటి గాలిలోకి చేర్చి 108కి ఫోన్ చేయాలి.