ఇరుకు పెరట్లో చెట్టు కొట్టే పనికి పిలిచారా?

సిడ్నీ శివార్లలో చాలా ఇళ్ళ వెనక జాగా తక్కువ. ఒక పక్క ఫెన్స్, ఇంకో పక్క పొరుగువాళ్ళ గ్యారేజ్, పైన కరెంటు తీగలు, మధ్యలో పెద్ద యూకలిప్టస్. "కొమ్మలు లాగితే చాలు, సాయంత్రానికి క్యాష్ ఇస్తా" అంటే మన కుర్రాళ్ళు వెళ్తున్నారు. వెళ్ళొద్దనను, పని ఎలా జరగాలో తెలుసుకుని వెళ్ళండి.

మన ఊళ్ళో అయితే తాడు కట్టి, మొదలు నరికి, చేలోకి పడేస్తాం. ఇక్కడ పడడానికి చోటేదీ? అందుకే పైనుంచి ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనీ తాడుతో దించుతారు. ఎక్కి కోసేది శిక్షణ ఉన్న ఆర్బరిస్టే. కింద ఉండే మనవాడు ముక్క పడే చోటు ముందే గుర్తుపెట్టుకోవాలి. రంపం ఆగి, పైవాడు సైగ చేసేదాకా అందులో అడుగు పెట్టకూడదు. ఆ మోతలో కేకలు వినపడవు, కాబట్టి సైగలు ముందే మాట్లాడుకోండి. దించే తాడు చేతికి చుట్టుకోవద్దు. తీగల దగ్గర చెట్టయితే, లైన్ల కంపెనీతో యజమాని మాట్లాడనిదే మొదలెట్టకూడదు. పచ్చి కొమ్మ తగిలినా కరెంటు పాకుతుంది.

"నీది ఏబీఎన్, నీ సేఫ్టీ నువ్వే చూసుకో" అంటారు. ఈ మాట నమ్మి మోసపోయేవాళ్ళే ఎక్కువ. న్యూ సౌత్ వేల్స్ 2011 భద్రతా చట్టంలో కాంట్రాక్టరూ, లేబర్ హైర్ మనిషీ కూడా వర్కరే. హెల్మెట్, ఇయర్ మఫ్స్ ఇచ్చి కూలిలో కోస్తే అది సెక్షన్ 273 ప్రకారం తప్పు.

నేర్పకుండా రంపం చేతికిచ్చి ఎక్కమంటే? తీవ్రమైన ప్రమాదం ఎదురుగా ఉందని సరైన కారణంతో భయపడితే పని ఆపే హక్కు సెక్షన్ 84 ఇస్తోంది. కానీ బ్యాగు సర్దుకుని ఇంటికొచ్చేయకండి! ఆపానని వెంటనే చెప్పాలి, ప్రమాదం లేని వేరే పనికి సిద్ధంగా ఉండాలి. "అన్నా, ఇది నాకు నేర్పలేదు, ఎక్కను, కింద పని ఇవ్వు" అని మెసేజ్ కూడా పెట్టండి, రుజువుగా ఉంటుంది. (విక్టోరియా చట్టం వేరు, అక్కడివాళ్ళు వర్క్‌సేఫ్‌ని అడగండి.)

వీసా పేరు చెప్పి బెదిరించి పని చేయించడం 2024 జులై 1 నుంచి నేరం.

సేఫ్‌వర్క్ నంబరు 13 10 50. ఇంగ్లీషు ఇబ్బందైతే ముందు 13 14 50 కి ఫోన్ చేసి "తెలుగు" అనండి, దుభాషిని కలుపుతారు.